బొమ్మ ఎవలది? గీసినోళ్లదా, అచ్చేసినోళ్లదా?

పిల్లగాండ్లు ఉన్న ఏ ఇంట్ల చూసినా ఓ రంగులేసే పుస్తకం ఉంటది. లోపల నల్లటి గీతలతోని ఓ ఏనుగు, ఓ ఇల్లు, ఓ పువ్వు. పిల్లలు బోర్ల పండుకొని క్రేయాన్లతోని రంగులు నింపుతరు. గీత దాటినా సంబురమే, దాటకున్నా సంబురమే. ఆ పుస్తకం అట్ట మీద కంపెనీ పేరు ఉంటది, ధర ఉంటది. లోపలి గీతలు గీసిన మనిషి పేరు మాత్రం చాన పుస్తకాల మీద కనవడది. ఎవలో గీసిన్రు, ఎంతో కొంత తీసుకున్నరు, పోయిన్రు. అంతే లెక్క.

ఇది ఇయ్యాల మొదలైన ముచ్చట కాదు. రంగులేసే పుస్తకం పుట్టిన కాలంలనే ఈ పంచాయితి సుత పుట్టింది. మొట్టమొదట వచ్చిన రంగుల పుస్తకాలల్ల ఒకదానికి గీతలు గీసింది లండన్‌ల ఓ చెక్క చెక్కేటాయన బిడ్డె. పేరు కేట్ గ్రీనవే. ఆమె బొమ్మలు లక్షల కాపీలు అచ్చయినయి. ఆమె గీసిన గౌన్లే దుకాణాలల్ల కుట్టి అమ్మిన్రు. ఆమె పేరు మీద పిల్లల బొమ్మల పుస్తకాలకు పతకం పెట్టిన్రు. అయినా బతికినన్ని దినాలు ఆమెకు ఒకటే కొట్లాట. నేను గీసిన బొమ్మ నాదా, పైసలిచ్చినోళ్లదా? 1901 నవంబర్ 6న ఆమె కన్నుమూసింది. నూట ఇరవై ఏండ్లు దాటింది. ఆ సవాలు ఇంక అట్లనే ఉన్నది.

చెక్క చెక్కే ఇంట్ల పుట్టింది

కేట్ 1846 మార్చి 17న లండన్‌ల హాక్స్‌టన్ అనే కష్టజీవుల బస్తీల పుట్టింది. నాయిన జాన్ గ్రీనవే. చెక్క మీద బొమ్మలు చెక్కుడు ఆయన పని. ఆ రోజుల్ల పేపర్లల్ల ఫొటోలు అచ్చేసే తరీక లేకుండె. బొమ్మ అచ్చుల రావాల్నంటే నున్నగ సాపు జేసిన గట్టి చెక్క దిమ్మె మీద ముందుగాల బొమ్మ గీయాలె. గీతలు మాత్రమే పైకి మిగిలేటట్టు చుట్టూతా ఉన్న చెక్కను సన్నటి పనిముట్లతోని చెక్కి తీసెయ్యాలె. దానికి సిరా పూసి కాయితం మీద ఒత్తితే బొమ్మ పడుతది. వారం వారం వచ్చే పేపరుకు పెద్ద బొమ్మ కావాల్నంటే దిమ్మెను ముక్కలు జేసి తలా ఒక ముక్క ఇచ్చేటోళ్లు. రాత్రికి రాత్రి చెక్కిచ్చి పొద్దుగాల్ల మల్ల బోల్టులతోని కలిపేటోళ్లు. కండ్లు పోయే పని. గీసినాయన పేరన్నా ఎప్పుడో ఒకప్పుడు బయటికొచ్చేది. చెక్కినోని పేరు ఎవలడుగుతరు?

జాన్ గ్రీనవే ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ అసొంటి పేపర్లకు చెక్కెటోడు. కేట్ ఇంక చిన్నగున్నప్పుడు ఆయనకు ఓ పెద్ద పని దొరికింది. చార్లెస్ డికెన్స్ రాసిన పిక్విక్ పేపర్స్ పుస్తకానికి కొత్త అచ్చు తీస్తమని, దానికి బొమ్మలు చెక్కుమని ఓ ప్రచురణకర్త చెప్పిండు. పని మీదనే మనసు పెట్టాల్నని ఆయన పెండ్లాం పిల్లలను నాటింగ్‌హామ్‌షైర్‌ల రోల్‌స్టన్ అనే ఊరికి, చుట్టపోళ్ల కాడికి తోలిండు. పని జేసిండు. ఆ ప్రచురణకర్త దివాళా తీసిండు. చేసిన పనికి పైస రాలె.

ఆ ఇంటిని నిలవెట్టింది తల్లి ఎలిజబెత్. ఇస్లింగ్టన్‌ల అప్పర్ స్ట్రీట్ మీద ఓ దుకాణం తీసుకున్నది. లేసులు, పిల్లల బట్టలు, ఆడోళ్ల బట్టలు అమ్మింది. కుటుంబం మొత్తం దుకాణం పైన కాపురం. దుకాణం మంచిగనే నడిచింది. నాయిన తనకు దొరికిన చెక్కుడు పని తను జేసుకుంట ఉన్నడు. కేట్‌కు ఒక దిక్కు చెక్క దిమ్మెలు, ఇంకో దిక్కు గౌన్లు, కుచ్చులు, టోపీలు. ఎనకట ఆమె వేసిన బొమ్మలన్నీ ఈ రెండింటి నుంచే వచ్చినయి.

ఇంకోటి రోల్‌స్టన్ నుంచి వచ్చింది. చిన్నప్పుడు ఆమె మల్ల మల్ల ఆ ఊరికి పోయేది. ఆడ చేన్లు, పూలతోటలు, కంచెలు. రైల్వే, ఫ్యాక్టరీ లండన్‌ను మింగుతున్న కాలంల ఆ ఊరి ముసలోళ్లు ఇంకా యాభై ఏండ్ల కిందటి బట్టలే కట్టేటోళ్లు. పొడుగు గౌన్లు, పెద్ద టోపీలు, పనోళ్లు తొడుక్కునే కుచ్చుల అంగీలు. ఆ పిల్ల మనసుల ఆ ఊరు అట్లనే గడ్డకట్టి ఉండిపోయింది.

పదకొండేండ్ల పిల్ల, 1857

ఈడ మన ముచ్చట ఒకటి కలుస్తది. 1857ల మన దేశంల సిపాయిలు తిరగవడ్డప్పుడు కేట్‌కు పదకొండేండ్లు. లండన్ పేపర్లన్నీ ఆ కథలతోనే నిండినయి. నాయిన పని జేసే పేపరుల సుత అవే బొమ్మలు. సిపాయిలంటే రాక్షసులన్నట్టు, తెల్ల ఆడోళ్లను పిల్లలను తరుముతున్నట్టు. కేట్ ఆ బొమ్మలు చూసి గజగజ వణికేదట. రాత్రి కలలల్లకు సుత వచ్చేదట. ఆ భయం పోనీకి పలక మీద బొమ్మలు గీసేది. తల్లులు, ఆయాలు, పిల్లలు ఉరుకుతుంటరు. ఆమె బొమ్మలల్ల ఒక్కలు సుత దొరకరు, అందరు తప్పిచ్చుకుంటరు. ఎనకట పెద్దగైనంక ఆమెనే ఈ సంగతి యాది జేసుకున్నది.

అదే ఏడాది జులై 17న మన హైదరాబాద్‌ల తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కోఠిల ఉన్న రెసిడెన్సీ మీదికి పోయిన్రు. ఆడ ప్రాణాలిడిసిన మనోళ్ల బొమ్మ లండన్ పిల్లల కండ్లకు ఎన్నడన్నా కనవడ్డదా? ఏ బొమ్మ గీయాలె, ఎవలను దయ్యం లెక్క చూపియ్యాలె అన్నది పేపరు యజమాని చేతుల ఉంటది. చెక్కినోనిది కూలి మాత్రమే. ఆ చెక్కుడు చూసే ఓ పిల్లకు మన సిపాయి దయ్యమై కలలకొచ్చిండు. పిల్లల ముంగట పెట్టే బొమ్మకు ఎంత బలం ఉంటదో చెప్పనీకి ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కరలేదు. ఇయ్యాల ఆ రెసిడెన్సీ చుట్టుపక్కల కోఠిల పుస్తకాల దుకాణాలున్నయి. పిల్లల రంగుల పుస్తకాలు ఆడ దొంతర్లు దొంతర్లుగ దొరుకుతయి.

పన్నెండేండ్లకే రాత్రి బడి

కేట్‌కు బడి చదువు పెద్దగ ఎక్కలె. బొమ్మలేసుడు మాత్రం ఎక్కింది. పన్నెండేండ్లప్పుడే ఫిన్స్‌బరీల నడిచే కళాబడికి పోయింది. ఆడ్నే బహుమతి గొట్టింది. ఆ బడి సౌత్ కెన్సింగ్టన్ పద్ధతిల నడిచేది. ఆ పద్ధతి ఏందంటే, ఫ్యాక్టరీలకు డిజైన్లు గీసే పనోళ్లను తయారు జేసుడు. పలకరాళ్లు, గోడకాయితాలు, తివాచీలు, వీటి మీద పువ్వులు తీగెలు ఎట్ల రావాలె, కొలతలు ఎట్ల కుదరాలె. చూసి గీయాలె, మల్ల చూసి గీయాలె. ఏండ్లకేండ్లు అదే పని.

ఆడపిల్లలకు ఇంకో అడ్డు ఉండె. మనిషి ఒంటిని చూసి గీసే క్లాసులకు వాళ్లను రానియ్యకపోయేది. మగ పిల్లలు మనుషులను చూసి గీస్తుంటే, ఆడోళ్లు ప్లాస్టర్ బొమ్మలను చూసి గీసుకోవాలె. కేట్ ఊకోలె. ఆడోళ్లను సుత మగోళ్లతోని సమానంగ చేర్చుకునే హీథర్లీ బడికి పోయింది. 1871ల కొత్తగ తెరిచిన స్లేడ్ కళాశాలల సుత చేరింది. అయినా మొదట పోయిన అన్ని ఏండ్లు ఎక్కడికి పోతయి? ఆమె బొమ్మలల్ల గౌను మడతలు, టోపీ అంచులు, పూల వరుసలు అద్దం లెక్క ఉంటయి. గౌను లోపలి ఒళ్లు మాత్రం కొద్దిగ కట్టె బొమ్మ తీరుగనే ఉంటది. విమర్శకులు దీన్ని ఆమె లోపమని రాసిన్రు. తలుపు మూసినోళ్ల లోపమని ఎంతమంది రాసిన్రు?

పాతికవేల కార్డులు, మూడు పౌండ్లు

1868ల ఆమె బొమ్మలు లండన్‌ల డడ్లీ గ్యాలరీల పెట్టిన్రు. పీపుల్స్ మ్యాగజైన్ నడిపే లాఫ్టీ అనే ఫాదర్ వాటిని చూసి కొన్నడు. ఆయననే ఆమెను మార్కస్ వార్డ్ కంపెనీకి పరిచయం జేసిండు. అది బెల్‌ఫాస్ట్ కంపెనీ. క్రిస్మస్‌కు, వాలెంటైన్ దినానికి పంపుకునే కార్డులు అచ్చేస్తది. అప్పుడే ఆ కార్డుల మోజు ఊరూరికి పాకుతున్నది.

కేట్ ఆ కంపెనీకి ఆరేడేండ్లు గీసింది. ఇయ్యాల మన బొమ్మలోళ్లు క్లయింట్ అంటరు కదా, ఆ లెక్కనే. వాళ్లు చెప్పుడు, ఈమె గీసుడు. ఆమె గీసిన ఓ వాలెంటైన్ కార్డు కొద్ది వారాలల్లనే 25,000 కాపీలకు మించి అమ్ముడువోయింది. ఆమె చేతికి వచ్చింది ఇంచుమించు మూడు పౌండ్లు.

ఈ లెక్క ఒక్కసారి నిదానంగ చూడాలె. కంపెనీ కాయితం కొన్నది, సిరా కొన్నది, మిషన్ నడిపిచ్చింది, అమ్మింది. నష్టమొస్తే వాళ్లదే. అది ఒప్పుకోవాలె. గని జనం కొన్నది కాయితాన్ని, సిరాను కాదు, ఆ బొమ్మను. వెయ్యి కార్డులు పోయినా, పాతికవేలు పోయినా గీసినామెకు అదే కూలి. దీన్నే గుత్త పని అంటం. గుత్త పనిల మిగులంతా ఇంకొకలదే.

ఆమె దీన్ని ఎరుకవట్టింది. తను గీసిన అసలు బొమ్మలు తనకు వాపసు కావాల్నని అడిగింది. కంపెనీ అవి మావే అన్నది. ఆడికి ఆ సోపతి తెగింది. చేతుల ఉన్న ఆధారం ఇడిసిపెట్టుడు అప్పట్ల ఓ ఒంటరి ఆడామెకు అల్కటి పని కాదు.

మూడో వంతు, ఎనకట సగం

ఇగ ఇప్పుడు ఎడ్మండ్ ఇవాన్స్ వస్తడు. ఇవాన్స్, కేట్ నాయిన, ఇద్దరూ చిన్నప్పుడు ఒకే ఉస్తాద్ కాడ చెక్కుడు పని నేర్చుకున్నోళ్లు. ఇవాన్స్ రంగుల అచ్చుల లండన్‌లనే పేరువడ్డోడు. పిల్లల పుస్తకాలు చవకగ ఉండాలె గని చవకబారుగ ఉండొద్దు అన్నది ఆయన పట్టుదల. ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మె చెక్కిచ్చి, ఒకదాని మీద ఒకటి వెంట్రుక తేడా రాకుండ ఒత్తిచ్చేటోడు. ఎరుపు, నీలం, పసుపు, మనిషి ఒంటి రంగు, వీటన్నిటిని పట్టి నిలవెట్టే గీతల దిమ్మె.

1877ల జాన్ గ్రీనవే బిడ్డెను తోలుకొని ఇవాన్స్ ఇంటికి పోయిండు. కేట్ చేతుల ఓ కట్ట. అండ్ల ఓ యాభై బొమ్మలు, వాటికి ఆమెనే రాసుకున్న చిన్న చిన్న పాటలు. ఎవలో రాసిన కథకు బొమ్మలేసుడు కాదు ఇది. మాట ఆమెదే, గీత ఆమెదే. ఇవాన్స్ చూసిండు, తీసుకున్నడు. పాటలను కవి ఫ్రెడరిక్ లాకర్‌తోని కొద్దిగ సాపు జేయిచ్చిండు. ఆ పుస్తకం పేరు అండర్ ద విండో. 1879ల రౌట్‌లెడ్జ్ కంపెనీ పేరు మీద బయటికొచ్చింది. ధర ఆరు షిల్లింగులు. పిల్లల పుస్తకానికి అది ఎక్కువ ధరనే. ఇవాన్స్ మొదటి అచ్చే 20,000 కాపీలు కొట్టిచ్చిండు. ఇన్ని ఎవలు కొంటరని ప్రచురణకర్తలు నవ్విన్రు. మల్ల అచ్చుకు దిమ్మెలు ఎక్కియ్యకముందే అవన్నీ అయిపోయినయి. ఎనకట ఇంకో 70,000 కొట్టిన్రు. ఫ్రెంచ్, జర్మన్ అచ్చులతోని కలిపి లక్ష దాకా పోయింది.

అయితే అసలు ముచ్చట అమ్మకాలు కాదు, ఒప్పందం. ఇవాన్స్ ఆమెకు గుత్త కూలి ఇచ్చి తోలియ్యలె. మొదటి పుస్తకానికి లాభంల మూడో వంతు, ఆ తర్వాతి పుస్తకాలకు సగం ఇస్తనని ఒప్పుకున్నడు. ఇది ఎంత పెద్ద సంగతో తెల్వాల్నంటే పక్కోళ్లను చూడాలె. పిల్లల బొమ్మల పుస్తకాలకు పేరు తెచ్చిన వాల్టర్ క్రేన్ అంతకుముందు రౌట్‌లెడ్జ్‌కు గుత్తకే గీసిండు. అమ్మకంల వాటా అడిగితే వాళ్లు ఇయ్యలె. కేట్ పుట్టిన వారంలనే పుట్టిన ర్యాండాల్ఫ్ కాల్డెకాట్ మాత్రం ఇవాన్స్‌తోని అమ్మిన కాపీకి ఇంత అని మాట్లాడుకున్నడు. గీసేటోళ్లు కూలోళ్ల లెక్క కాకుండ పాలోళ్ల లెక్క కూసున్న మొదటి తరం ఇది.

ఆ వాటాతోనే కేట్ బతుకు మారింది. 1880ల వచ్చిన ఆమె పుట్టినరోజుల పుస్తకం ఇంగ్లిష్‌ల 1,28,000 కాపీలు అచ్చయింది. 1881ల మదర్ గూస్ వచ్చింది. 1883 నుంచి 1895 దాకా ఏటేటా, మల్ల 1897ల, అరచేతిల పట్టే చిన్న క్యాలెండర్ పుస్తకాలు వచ్చినయి. మొదటిదే 90,000 పోయింది. ఆ పైసలతోనే హ్యాంప్‌స్టెడ్‌ల, ఫ్రాగ్నల్ అనే వీధిల, నార్మన్ షా అనే పేరున్న ఆర్కిటెక్ట్‌తోని ఇల్లు కట్టిచ్చుకున్నది. మీది అంతస్తుల వెలుతురు మంచిగ పడేటట్టు బొమ్మలు గీసే అర్ర. 1885ల తల్లిదండ్రులను, తమ్మున్ని తోలుకొని ఆ ఇంట్లకు పోయింది. చేసిన పనికి పైస రాక ఆగమైన చెక్కెటాయన, బిడ్డె బొమ్మల పైసలతోని కట్టిన ఇంట్ల ముసలితనం ఎళ్లదీసిండు.

రంగులేసే పుస్తకం

1879లనే క్యాసెల్ కంపెనీ వాళ్లు లిటిల్ ఫోక్స్ పెయింటింగ్ బుక్ అని ఒకటి తెచ్చిన్రు. కథలు, పాటలు జార్జ్ వెదర్లీ రాసినయి. నూటికి పైన గీతల బొమ్మలు కేట్ గీసినయి. రంగు లేదు. పిల్లలే నీళ్ల రంగులతోని నింపుకోవాలె. ఇయ్యాల కలరింగ్ బుక్ అని మనం అంటున్నదానికి ముత్తవ్వ అసొంటిది అది. 1884ల రౌట్‌లెడ్జ్ సుత ఆమె పాత పుస్తకాలల్ల గీతలే తీసి పెయింటింగ్ బుక్ అని ఇంకోటి ఏసింది.

రంగులేసే పుస్తకానికి గీసుడు చూస్తే అల్కగనే కనవడుతది. గని అండ్ల ఓ ఒడుపు ఉన్నది. మామూలు బొమ్మల తప్పును నీడతోని, రంగుతోని దాచుకోవచ్చు. ఈడ దాచనీకి ఏం లేదు. ఉత్త గీతనే. ప్రతి గీత ఇంకో గీతతోని కలవాలె. లేకుంటే పిల్లకు ఏది గౌనో, ఏది గడ్డో తెల్వది. మరీ సన్నగ చేస్తే చిన్న చేతులకు అందది. మరీ ఖాళీగ ఉంచితే పిల్లకు ఇసుగొస్తది. గీసెటామె సగం పనే చేసి, మిగిలిన సగం ఎరుకలేని పిల్లకు ఇడిసిపెట్టాలె. సౌత్ కెన్సింగ్టన్‌ల ఏండ్లకేండ్లు పలకరాళ్ల డిజైన్లు గీసిన చేతికి ఆ గీత కుదిరింది.

ప్రచురణకర్తకు సుత ఇది కలిసొచ్చే యాపారం. రంగుల దిమ్మెలు అక్కరలేదు. ఒక్క నలుపుతోనే పుస్తకం అయిపోతది. పాత గీతలనే మల్ల వాడుకోవచ్చు. అందుకే ఈ పుస్తకాలు దునియా మొత్తం పాకినయి. అందుకే అండ్ల దొంగతనం సుత అంత అల్కగ అయింది.

అందరు దోసుకున్నోళ్లే

అప్పట్ల అమెరికా చట్టం ప్రకారం బయటి దేశపోళ్ల పుస్తకాలకు కాపీరైట్ లేకుండె. 1891ల చట్టం మార్చేదాకా ఇదే తీరు. న్యూయార్క్‌ల మెక్‌లాగ్లిన్ బ్రదర్స్ కంపెనీ కేట్ పుస్తకాలను చూసి మక్కీకి మక్కీ దింపి అమ్ముకున్నది. ఆమెకు పైస లేదు. చట్టం సుత దాన్ని దొంగతనం అనలె.

ఇంట్ల ఇంకో తీరు. 1880ల లండన్‌లనే ఆఫ్టర్‌నూన్ టీ అనే పుస్తకం వచ్చింది. గీసినోళ్లు వేరేటోళ్లు. తీరు మాత్రం అచ్చం కేట్‌దే. చాన మంది అది ఆమె పుస్తకమే అనుకున్నరు. ఆమె మస్తు బాధవడ్డది. ఆ తర్వాత గిన్నెల మీద, గుండీల మీద, రుమాళ్ల మీద, బొమ్మల మీద ఆమె పిల్లలే. లిబర్టీ అనే పెద్ద దుకాణం ఆమె బొమ్మలల్ల గౌన్లను చూసి నిజం గౌన్లు కుట్టి అమ్మింది. ఇంగ్లండ్‌ల, ఫ్రాన్స్‌ల తల్లులు పిల్లలకు ఆ బట్టలే తొడిగిన్రు. ఆ బట్టలు కేట్ ఉత్తగ ఊహించి గీసినయి కావు. తల్లి దుకాణంల నేర్చుకున్న కుట్టుపనితోని ముందుగాల తనే కుట్టి, పిల్లలకు తొడిగిచ్చి, ఎదురుంగ నిలవెట్టి గీసేది. దర్జీ పని ఆమెదే, బొమ్మ పని ఆమెదే. బజార్ల లాభం ఇంకొకలది.

తోటల లేని పిల్లలు

ఆమెను మెచ్చుకుంటనే ఒకటి చెప్పాలె. ఆమె బొమ్మలల్ల పిల్లలందరు తెల్లటి గౌన్లేసుకొని తోటలల్ల ఆడుకుంట ఉంటరు. ఆకలి లేదు, మసి లేదు. ఆమె పుట్టిన హాక్స్‌టన్ పిల్లలు ఆ పేజీలల్ల ఉండరు. ఇంగ్లండ్‌ల పిల్లలందరికి బడి ఉండాల్నని చట్టం వచ్చింది 1870ల. బడికి పోవుడు తప్పనిసరి అయింది 1880ల. అంతదాకా పేదపిల్లలు పనికి పోయిన్రు, ఆ తర్వాత సుత పోయిన్రు. ఆరు షిల్లింగుల పుస్తకం వాళ్లు కొనేది కాదు. లండన్ పొగల ఉక్కిరిబిక్కిరైన మధ్యతరగతోళ్లు తమకు లేని ఓ ఊరిని ఆ పుస్తకాలల్ల కొనుక్కున్నరు.

అయితే ఆమె అబద్ధమాడిందని అననీకి లేదు. పలక మీద తల్లులను, పిల్లలను తప్పిచ్చిన పదకొండేండ్ల పిల్లనే ఆమె లోపల ఉన్నది. పెద్దగైనంక సుత ఆమె పిల్లలను లండన్ నుంచి రోల్‌స్టన్ చేన్లకు తప్పిచ్చుకుంటనే ఉన్నది. పిల్లల పుస్తకం పిల్లలు తప్పిచ్చుకునే జాగనా, ఉన్న లోకాన్ని చూపే కిటికీనా అన్నది ఇయ్యాల్టికి తెగని ముచ్చట.

రస్కిన్ నీడ

ఆ కాలంల ఇంగ్లండ్‌ల కళ గురించి జాన్ రస్కిన్ మాట అంటే మాటనే. 1880ల ఆయన కేట్‌కు ఉత్తరం రాసిండు. అప్పుడు ఆయనకు అరవై దాటినయి, ఆమెకు ముప్పై మూడు. 1882 ఆఖరుల మొదటిసారి కలిసిన్రు. 1883ల ఆక్స్‌ఫర్డ్‌ల ఆమె బొమ్మల గురించి ఆయన ఉపన్యాసమే ఇచ్చిండు. పిల్లల పుస్తకాలకు గీసేటోళ్లను గొప్ప కళాకారులల్ల కలిపి మాట్లాడుడు అప్పట్ల మామూలు సంగతి కాదు.

కేట్ ఆయన మీద పాణం పెట్టుకున్నది. ఆయన మాత్రం ఒకనాడు ఆకాశానికెత్తుడు, ఇంకోనాడు బడిపిల్ల లెక్క గద్దిచ్చుడు. గడ్డిని చూసి గీయి, రాళ్లను చూసి గీయి, టోపీలు బంద్ చెయ్యి అని హుకుములు. ఈమె ఆయన చెప్పినట్టు విన్నది. 1888ల వచ్చిన పైడ్ పైపర్ పుస్తకం ఆయన సలహాలతోనే గీసింది. ఇంతల ఆయనకు మతి తప్పుడు మొదలైంది. మల్ల మల్ల జబ్బువడి ఉత్తరాలు బంద్ అయినయి. జవాబు రాకున్నా ఈమె ఏండ్లకేండ్లు రాసుకుంటనే పోయింది. 1900 జనవరిల ఆయన పోయిండు.

జనం మరిచిన కాలం

1890లల్ల మోజు మారింది. అంతకుముందు ఎగవడి కొన్నోళ్లే మొకం తిప్పుకున్నరు. బజార్ల ఆమె తీరు బొమ్మలు ఎన్ని వచ్చినయంటే, అసలుదానికి నకలుకు తేడా తెల్వకుండ అయింది. 1890ల నాయిన పోయిండు, 1894ల తల్లి పోయింది. 1892ల ఇవాన్స్ పని చాలిచ్చిండు. ఆమె తన అసలు బొమ్మలను 1891ల, 1894ల, 1898ల ఎగ్జిబిషన్లు పెట్టి అమ్ముకున్నది. మార్కస్ వార్డ్‌తోని అసలు బొమ్మల కోసం ఎందుకు కొట్లాడిందో ఈడ తెలుస్తది. అచ్చు పుస్తకం అమ్మకం ఆగినా, చేతిల ఉన్న బొమ్మ ఆఖరి కాలంల అన్నం పెట్టింది. ఆఖరుకు నూనె రంగులతోని మనుషుల బొమ్మలేసుడు కొత్తగ నేర్చుకోబోయింది. అప్పటికే రొమ్ము క్యాన్సర్. 55 ఏండ్లకు ఆ ఫ్రాగ్నల్ ఇంట్లనే కన్నుమూసింది.

దోస్తులు చందాలు ఏసి గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల దవాఖానల ఆమె పేరు మీద ఓ మంచం పెట్టిచ్చిన్రు. 1955ల బ్రిటన్ గ్రంథాలయ సంఘం పిల్లల బొమ్మల పుస్తకాలు గీసేటోళ్లకు కేట్ గ్రీనవే పతకం మొదలువెట్టింది. ఈ మధ్యనే ఆ పతకం పేరు సుత మార్చి కార్నెగీ పేరు కిందికి తెచ్చిన్రు. అంటే కార్ఖానాల యజమాని పేరు నిలవడ్డది, గీసినామె పేరు పోయింది.

మనకేంది?

మనకు వడ్డాది పాపయ్య యాదిలున్నడు. ఎందుకు? చందమామ అట్ట మీద వపా అని ఆయన చేవ్రాలు ఉండె. బొమ్మ కింద పేరు ఉంటే మనిషి మిగులుతడు. ఇయ్యాల బడి పుస్తకాలకు, రంగుల పుస్తకాలకు, ఫోన్లల్ల పిల్లల కథలకు ఇంట్ల కూసొని గీసే పోరలు, పోరీలు మన ఊర్లల్ల మస్తుమంది ఉన్నరు. పేజీకి ఇంత అని గుత్త. ఇరవైసార్లు మార్చుమనుడు. ఆఖరుకు అసలు ఫైలు సుత ఇయ్యుమనుడు. పేరు ఏసుడు లేదు. ఇప్పుడు కంప్యూటర్ సుత వాళ్ల గీతలు మింగి, అడిగినోళ్లకు అసొంటివే కక్కుతున్నది. మెక్‌లాగ్లిన్ చేసిన పనే, మిషన్ కొత్తది.

మన 1957 కాపీరైట్ చట్టం ఓసారి చదువాలె. మామూలుగ గీసినోళ్లే మొదటి హక్కుదారు. గని 17వ సెక్షన్ల ఓ మెలిక ఉన్నది. పైసలిచ్చి వేయిచ్చుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్ అయితే, వేరే ఒప్పందం లేకుంటే వేయిచ్చుకున్నోళ్లదే హక్కు అంటది. నౌకరి మీద ఉండి గీస్తే యజమానిదే అంటది. అంటే నోటిమాట మీద పని జేస్తే మునిగేది గీసినోళ్లే. 19వ సెక్షన్ ప్రకారం హక్కు ఇంకొకలకు ఇయ్యాల్నంటే కాయితం మీద రాసి సంతకం పెట్టాలె. ఎన్నేండ్లకో రాయకుంటే అయిదేండ్లే లెక్క. 57వ సెక్షన్ ప్రకారం హక్కు అమ్ముకున్నా, ఇది గీసింది నేనే అని చెప్పుకునే హక్కు పోదు.

అందుకే పని ఒప్పుకునేముందే నాలుగు మాటలు రాసుకోవాలె. బొమ్మ దేనికి వాడుతరు? ఎన్ని రోజులు? మల్ల అచ్చేస్తే నాకెంత? పేరు ఎక్కడ ఏస్తరు? ఇవి అడిగితే పని పోతదేమో అన్న భయం ఉంటది. మార్కస్ వార్డ్‌ను ఇడిసిపెట్టినప్పుడు కేట్‌కు సుత ఆ భయం ఉండకపోదు. ఒక్కరు అడిగితే పని పోతది కావొచ్చు. గీసేటోళ్లంతా ఒక్క కాయితమే పట్టుకొని అడిగితే ఎవలను తీసేస్తరు? చేనేతకు సంఘాలున్నయి, బీడీలకు సంఘాలున్నయి. పిల్లలకు బొమ్మలు గీసే చేతులకు ఎందుకు ఉండొద్దు?

పుస్తకం కొనేటోళ్లం మనం సుత ఓ పని జెయ్యొచ్చు. అట్ట తిప్పి గీసినోళ్ల పేరు ఉన్నదా అని చూడాలె. లేకుంటే దుకాణపాయనను అడగాలె. పదిమంది అడిగితే ఆ మాట అచ్చేసేటోళ్ల దాకా పోతది.